పక్షవాతం వచ్చాక ఒకేసారి ఎన్ని చికిత్సలు?

మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడి పక్షవాతం వచ్చినప్పుడు, చచ్చుబడిన చెయ్యీ కాలూ కోలుకోవడానికి మొదటి మూడు నెలలు కీలకం. అలాగని తొలిరోజే రోగిని ఎక్కువసేపు నిలబెట్టకూడదు. 2015లో వెలువడిన అవర్ట్ అధ్యయనంలో 2,104 మంది పాల్గొన్నారు. 24 గంటల్లోపే ఎక్కువ సాధన చేయించినవారి ఫలితాలు మామూలు సంరక్షణ పొందినవారికన్నా తగ్గాయి. కాసేపే అయినా రోజుకు పలుసార్లు చేయించడం మేలని తేలింది.

రోగి స్థిమితపడ్డాక చికిత్సలను కలపవచ్చు, కానీ ఒకదానికొకటి పొత్తు కుదరాలి. జనం ‘కరెంటు పెట్టించడం’ అనే విద్యుత్ ప్రేరణ పడుకుని పెట్టించుకుంటే నడకకు అంతగా ఉపయోగపడదు. పాదం వేలాడుతున్నవారికి అడుగు ఎత్తే క్షణంలోనే ఆ ప్రేరణ అందితే నడకకు పనికొస్తుంది. చేతికైతే అద్దం చికిత్స ఉంది: చచ్చుబడిన చేతిని అద్దం వెనక ఉంచి, బాగున్న చేతి ప్రతిబింబాన్ని చూస్తూ రెండు చేతులూ కదిలించాలి. ఆ వెంటనే అసలు పనులు సాధన చేయాలి. మాదాపూర్, గచ్చిబౌలి ఐటీ ఉద్యోగికి అవి మౌస్ పట్టుకోవడం, కీబోర్డు నొక్కడం, లిఫ్టు బటన్ నొక్కడం. ట్రాఫిక్‌లో గంటసేపు అలసి క్లినిక్‌కు చేరేకన్నా, ఇంటికొచ్చే ఫిజియోథెరపిస్టు దొరికితే మంచిది.

ఇంట్లోవాళ్లు రోగిని చచ్చుబడిన చెయ్యి పట్టి లాగకూడదు; భుజం కీలు జారే ప్రమాదం ఉంది. కుటుంబ సభ్యులకు శిక్షణనిచ్చి సాధన చేయించిన అటెండ్ అధ్యయనం భారత్‌లోని 14 ఆసుపత్రుల్లో, 1,250 మందిపై జరిగింది. 2017లో వచ్చిన ఫలితం: మామూలు వైద్యంకన్నా అదనపు మేలు కనిపించలేదు. ఇంటివాళ్ల సాయం అవసరమే గానీ, అది ఫిజియోథెరపిస్టుకు ప్రత్యామ్నాయం కాదు.