కుండీలో కుందేటి కొమ్ములు

కుందేటికి కొమ్ములుండవని మీకు తెలుసు. కాని మన బేతంచెర్ల వంటి మెట్టసీమ రాళ్లగుట్టల్లో "కుందేటి కొమ్ములు" మొలుస్తాయి! నాలుగు పలకల ఆకుపచ్చ కాడలే మొక్క. ఆకులు దాదాపు ఉండవు. 1795లో అచ్చయిన గ్రంథంలో రాక్స్‌బర్గ్ దీని తెలుగు పేరు "కారల్లం" అని రాశాడు. కారల్లూమా అనే శాస్త్రనామం అందులోంచి వచ్చిందే అంటారు.

చలిదేశాలవారు దీన్ని గాజుఇళ్లలో పెంచుతారు. మనకు వాన పడని వసారా చాలు. గుట్టమీది మొక్కను పీకకండి. ఒక్క కాడముక్క తెచ్చి, కోసిన చోటు ఆరేదాకా నీడలో ఉంచండి. అడుగున చిల్లున్న కుండీలో ఇసుక, నాపరాతి ముక్కలు ఎక్కువగా, మట్టి తక్కువగా పోసి నాటండి.

రోజూ నీళ్లు పోయాలనిపిస్తుంది. ఆగండి! ఈ మొక్క కాడమీది పత్రరంధ్రాలను పగలు మూసి, రాత్రి తెరిచి బొగ్గుపులుసు వాయువును పీల్చి దాచుకుంటుంది. అందుకే నీటి ఖర్చు తక్కువ. మట్టి పూర్తిగా ఎండాకే తడపండి. నా మొదటి మూడు మొక్కలూ కుళ్లింది నా ప్రేమవల్లే.

పూశాక తుమ్మెదల కోసం చూడకండి. ఈ పూలకు చుట్టాలు ఈగలు!