కూర ముట్టని బిడ్డ – ఇంటివారి కర్తవ్యము

పప్పులోని ఆకును ఏరి పళ్ళెము అంచున పెట్టు బిడ్డ, పండు కోసి ఇచ్చిన ముఖము త్రిప్పుకొను బిడ్డ లేని ఇల్లు మన కడపలో అరుదు. తెలుగు మాట్లాడు ఇంటనైనను, ఉర్దూ మాట్లాడు ఇంటనైనను ఈ చిక్కు ఒక్కటే. నింద మాత్రము తరచుగా తల్లి మీదనే పడుచున్నది. ఈ అయిష్టమునకు కారణమేమి, దానిని తొలగించు మార్గమేమి అను విషయములను ఈ చిన్న వ్యాసమున పరిశీలింపదలచితిమి.

మనది వానలు తక్కువైన సీమయే గాని పండ్లు లేని సీమ కాదు. అవిభక్త కడప జిల్లాలో రైల్వేకోడూరు ప్రాంతము మామిడి, అరటి, బొప్పాయి తోటలకును, పులివెందుల ప్రాంతము చీనీ, అరటి తోటలకును పేరుపొందినవి. పొరుగున నున్న బనగానపల్లె మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. పుంటికూర, తోటకూర, మునగాకు, చింతచిగురు మన వంటలకు కొత్తవి కావు. ఇన్ని దగ్గర ఉండియు బిడ్డ కడుపులోనికి పోకున్న ఏమి లాభము?

ఆవశ్యకత

రెండు నుండి ఐదేండ్ల బిడ్డలకు పండ్లు, కూరగాయలు కలిపి దినమునకు కనీసము 250 గ్రాములు, ఆరు నుండి తొమ్మిదేండ్ల వారికి 350 గ్రాములు, అంతకు పై వయసు వారికి 400 గ్రాములు కావలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించినది. ఆకుకూరలు, మామిడి, బొప్పాయి ఏ విటమినుకు ఆధారములు. అది లోపించిన రేచీకటి కలుగును. ఆ లోపము వలన బిడ్డలు చూపు కోల్పోకుండుటకై 1970లో భారత ప్రభుత్వము ఏ విటమిను మందు పంచు కార్యక్రమమునే ఆరంభింపవలసి వచ్చినది. ఆకుకూరలలోని ఇనుము ఒంటబట్టుటకు చీనీ, జామ, ఉసిరికలలోని సి విటమిను తోడ్పడును. 1941లో పాలకూర నుండి వేరుచేయబడిన ఫోలిక్ ఆమ్లమునకు ఆకు అను అర్థముగల లాటిన్ పదము నుండి ఆ పేరు వచ్చినది. దానిని 1945లో కృత్రిమముగా తయారుచేసిన బృందమునకు నాయకుడు మన తెలుగువాడైన యల్లాప్రగడ సుబ్బారావుగారు.

అయిష్టము మొండితనము కాదు

రెండేండ్ల ప్రాయము మొదలు బిడ్డకు ఎరుగని ఆహారమన్న జంకు సహజము. చేదును నిరాకరించుట పుట్టుకతో వచ్చిన గుణము. అమెరికా శాస్త్రవేత్త్రి లియాన్ బర్చ్ 1982లో ప్రకటించిన పరిశోధనలో, రెండేండ్ల పిల్లలు ఏ ఆహారమును ఎక్కువసార్లు రుచి చూచిరో దానినే ఎక్కువగా ఇష్టపడిరి. పది పదిహేనుసార్లు రుచి చూచిన గాని కొందరికి అలవాటు కాదు. మనమో, మూడు నాలుగుసార్లకే "వీడు తినడు" అని తీర్పు చెప్పుదుము.

ఇందులో మరియొక కష్టము కలదు. కూలి డబ్బుతో కొన్న కూరను బిడ్డ పారవేసిన ఆ తల్లికి అది నష్టమే. అందుచేత ఆమె మరల పెట్టుటకు జంకును. ఆమెను తప్పుపట్టరాదు. బిడ్డకై వేరుగా వండక, అందరికీ వండిన దానిలో ఒక్క చెంచా మాత్రము ఇష్టమైన అన్నము ప్రక్కన పెట్టవలెను. తినిన సంతోషము, తినకున్న పెద్దలు తిందురు. మరల రెండు రోజులకు మరియొక చెంచా. ఈ పద్ధతిలో వ్యర్థమగునది ఏమియు లేదు.

చేయరానివి, చేయదగినవి

నోరు పట్టి కుక్కుట తగదు. "కాకరకాయ తిన్న మిఠాయి ఇత్తును" అను బేరమును తగదు. ఒక పానీయము త్రాగినందుకు బహుమతి పొందిన చిన్నారులు తరువాత దానిని తక్కువగా ఇష్టపడిరని 1984లో బర్చ్ బృందమే కనుగొనినది. మిఠాయి గొప్పది, కూర శిక్ష అని మనమే నేర్పినట్లగును.

కలిసి తినుట మేలైన మార్గము. ఇతర కూరను కోరు తోటిపిల్లల నడుమ కొలది దినములు కూర్చుండబెట్టగా, చిన్నపిల్లలు తమ ఎంపికను మార్చుకొనిరని 1980 నాటి ఆమె పరిశోధన. దస్తర్‌ఖాన్ చుట్టు అందరు కూర్చుండి సొరకాయ వేసిన దాల్చా తినునపుడు, రాగిసంగటితో పుంటికూర పప్పు తినునపుడు, ఇఫ్తార్ వేళ పండ్ల ముక్కలు పంచుకొనునపుడు బిడ్డ చూచి నేర్చును. తండ్రి తన పళ్ళెములో కాకరకాయను ప్రక్కకు నెట్టుచు కొడుకును తినుమన్న వాడేల వినును?

బిడ్డను సంతకు తీసికొనిపోయి ఒక పండును ఎన్నుకొననిండు. మునగాకు దూయు పని చేతికి ఇండు. రసము కంటె పండే మేలు. చిన్నబిడ్డకు సీతాఫలపు గింజలు తీసి, ద్రాక్షను నిలువున చీల్చి ఇవ్వవలెను. బరువు పెరగకున్నను, మ్రింగుట కష్టమైనను వైద్యునికి చూపవలెను.

కళాశాలలో చదువుకొను మనము ఇంట అన్నలము, అక్కలము. చిన్నవారి కన్నులు మన పళ్ళెము మీదనే ఉండును. తల్లిని నిందించుట మాని, నేటి రాత్రి వారి ప్రక్కన కూర్చుండి, ఆకుకూరను మనమే మొదట ఇష్టముగా తిందము. పాఠము అక్కడనే ఆరంభమగును.