చెరువు తెలిసిన ఇంజినీరు కావాలి

ఏలూరు, తాడేపల్లిగూడెం పరిసరాల్లో ఇంజినీరింగ్, డిప్లొమా పూర్తయిన పిల్లలు ఉద్యోగం అనగానే హైదరాబాద్, బెంగళూరు వైపు చూస్తారు. వెళ్లడం తప్పు కాదు. కానీ సాంకేతికత తెలిసిన మనిషి అవసరం ఇంటి పక్క చెరువులకే ఎక్కువగా ఉందని నా నమ్మకం. 2009లో వనామీ రొయ్య సాగుకు అనుమతి వచ్చాక ఆక్వా సాగు తీరే మారిపోయింది. నీటికి గాలి పట్టించే ఏరేటర్లు, ఆటోమేటిక్ మేత యంత్రాలు, ఫోన్‌కు హెచ్చరిక పంపే సెన్సర్లు చెరువుల దగ్గరికి వచ్చాయి.

తెల్లవారుజామున ఆక్సిజన్ లీటరుకు 3 మిల్లీగ్రాముల లోపుకు పడిపోయిందని సెన్సర్ చెబుతుంది. ఏరేటర్ ఆన్ చేయడం కూడా యంత్రానికి చేతనవుతుంది. కానీ అసలు ఎందుకు పడిపోయింది? పగలంతా మబ్బు పట్టి ప్లాంక్టన్ ఆక్సిజన్ తయారుచేయలేదా, ప్లాంక్టన్ ఒక్కసారిగా చచ్చిపోయిందా, మిగిలిన మేత అడుగున కుళ్లుతోందా? ఒక్కో కారణానికి ఒక్కో విరుగుడు. మేత తనిఖీకి నీటిలో ఉంచే చెక్ ట్రే పైకి లాగి ఎంత మేత మిగిలిందో, రొయ్య పేగు నిండిందో లేదో చూసి, ఆ చూసినదాన్ని సెన్సర్ గ్రాఫుతో కలిపి చదవగలిగినవాడే రైతుకు దారి చెప్పగలడు. రేపు ఏఐ ఈ పని కూడా చేస్తుందిగా అంటారు. చేయొచ్చు. అయితే దానికి నేర్పడానికి కావలసిన నమ్మకమైన రికార్డులు ఎవరో ఒకరు చెరువు దగ్గర నిలబడి రాయాల్సిందే. యాంటీబయాటిక్ అవశేషాలు దొరికితే సరుకును వెనక్కి పంపే విదేశీ కొనుగోలుదారులు అడిగేదీ ఆ రికార్డులే.

ఇంకో సందేహం బరువైనది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుపై సుంకాన్ని 50 శాతానికి పెంచగానే రొయ్య రైతు విలవిల్లాడాడు. అలాంటి రంగాన్ని నమ్ముకోవచ్చా? రొయ్య ఒక్కదాన్నే నమ్ముకుంటే ప్రమాదమే. కానీ కొల్లేరు సరస్సు చుట్టూ పెరిగే బొచ్చె, శీలావతి చేపలు లారీల్లో కోల్‌కతా, అస్సాం వైపు వెళ్తాయి. నీటి పరీక్ష, మేత లెక్క, రికార్డు ఈ చేపకూ పనికొచ్చే విద్యలే. మరి కొల్లేరును పాడుచేసింది చెరువులే కదా అనేవారి మాటను నేను కొట్టిపారేయను. 1999లో అభయారణ్యంగా, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న రామ్‌సర్ చిత్తడి నేలగా గుర్తింపు వచ్చినా అక్రమ చెరువుల గట్లు తెగ్గొట్టడానికి 2006 దాకా ఆగాల్సి వచ్చింది. కాబట్టి అభయారణ్యం హద్దుల్లో ఉన్న చెరువుకు పనిచేయకండి. బయటి చెరువు నుంచి వదిలే నీటిని శుద్ధి చేయడమే ఒక ఉద్యోగంగా ఎదగాలి.

తాడేపల్లిగూడెం నిట్‌లో బయోటెక్నాలజీ చదివినా, ఏలూరులో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసినా చివరి ఏడాది ప్రాజెక్టును రైతు అనుమతితో ఒకే చెరువు మీద పెట్టుకోండి. వనామీ పంట సుమారు నాలుగు నెలలు. రోజూ ఆక్సిజన్, పీహెచ్, మేత, వాతావరణం ఒక పుస్తకంలో రాయండి. రీడింగ్ తేడా వచ్చిన ప్రతి రోజూ దాని పక్కన కారణం రాయండి. మేత కంపెనీ ఇంటర్వ్యూకైనా, సెన్సర్లు తయారుచేసే స్టార్టప్‌కైనా సర్టిఫికెట్ల కంటే ముందు ఆ పుస్తకం బల్ల మీద పెట్టండి.