గోమాళంలో గుంత తవ్వితే

ప్రశ్న: మా గోమాళంలో (ఊరి పశువుల మేత భూమిలో) వాన వెలిసిన నాలుగు రోజులకే గడ్డి వాడిపోతోంది. గుంత తవ్వితే పైన ఇసుక మన్ను, కింద ముదురు ఎరుపు బంకమన్ను, అడుగున గరుసు కనిపించాయి. ఏ పొర ఏమిటి?
— ఒక రైతు, బాగేపల్లి

జవాబు: బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్ళాపురం నేలల అడుగున ఉన్నది నైస్, గ్రానైటు రాయి. మీరు చూసిన గరుసు ఆ రాయి చివికిపోగా మిగిలిందే. దానిపైనున్న ఎర్ర పొరే ఈ నేలకు ప్రాణం. వేల ఏళ్ళుగా వాననీరు పైనుంచి సన్నని బంక రేణువులను దించి అక్కడ చేర్చింది. ఎరుపు ఇనుప ఆక్సైడ్లది. తడి మన్నును వేళ్ళ మధ్య నొక్కి సాగదీయండి: ఈ పొర రిబ్బనులా సాగుతుంది, పైమన్ను వెంటనే తెగుతుంది. నీటినీ పోషకాలనీ ఎక్కువగా పట్టి ఉంచేది ఈ పొరే.

ఇబ్బంది పైపొరలో ఉంది. అందులో సేంద్రియ కర్బనం తక్కువ. పశువులు మేసి నేల బోడిగా మారితే చినుకుల దెబ్బకు రేణువులు చెదిరి, ఆరాక పైన పెచ్చు కడుతుంది. తర్వాతి వాన ఇంకదు, పైమన్నును కూడా కోసుకుపోతుంది. అందుకే వాన మర్నాడు తడి ఎంత లోతు దిగిందో తవ్వి చూడండి. బంకపొర దాకా చేరకపోతే గోమాళంలో కొంత భాగాన ఒక వానాకాలం మేత ఆపి, స్టైలో అనే పశుగ్రాసం విత్తనం చల్లండి. మట్టి పరీక్ష గురించి చింతామణి దగ్గర కురుబూరు కృషి విజ్ఞాన కేంద్రంలో అడగండి. పైపొర, బంకపొర మన్నును వేర్వేరు సంచుల్లో తీసుకెళ్ళండి.