డేకేర్ ఖర్చు: లెక్క వేశాకే నిర్ణయం



"నా జీతంలో సగం పాప డేకేర్‌కే పోతోంది. ఉద్యోగం మానేస్తే పోలా?" చిన్నపిల్లలున్న ఇళ్లలో తరచూ వినిపించే మాట ఇది. మానేసే ముందు ఒక్కసారి కాగితం మీద లెక్క వేయండి.

అసలు ఖర్చు ఎంత?

నెల ఫీజు ఒక్కటే రాస్తే చాలదు. అడ్మిషన్ ఫీజు, భోజనం, ఆటో, ఆలస్యంగా తీసుకెళ్తే కట్టే అదనపు రుసుము, సెంటర్ మూసిన రోజుల్లో మీరు పెట్టే సెలవులు కూడా కలపండి. ఉదాహరణకు అమ్మ జీతం రూ.25,000, డేకేర్ రూ.9,000, ఆటో రూ.2,000 అనుకుందాం. మిగిలేది రూ.14,000. అయితే ఆ రూ.11,000 అమ్మ జీతంలోంచే ఎందుకు తీసేయాలి? బిడ్డ ఇద్దరిదీ. ఖర్చును ఇద్దరి ఆదాయం మీదా వేసి చూడండి. పైగా ఉద్యోగం మానేస్తే జీతంతో పాటు పీఎఫ్‌లో యాజమాన్యం వాటా, సీనియారిటీ కూడా ఆగిపోతాయి. డేకేర్ ఖర్చు ఉండేది కొన్నేళ్లే.

మీకు అందే సాయం

• ఆఫీసులో క్రెష్: 50 మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ క్రెష్ సౌకర్యం కల్పించాలని ప్రసూతి ప్రయోజన చట్టానికి 2017లో చేసిన సవరణ చెప్పింది. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చు. 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఈ నిబంధన ఉంది.

• పాల్నా: కేంద్రం రాష్ట్రాలతో కలిసి నడిపే పథకం. అంగన్‌వాడీ కమ్ క్రెష్‌లలో 6 నెలల నుంచి 6 ఏళ్ల పిల్లలను చూసుకుంటారు. ఇవి అన్ని ఊళ్లలో ఉండవు, దగ్గరి అంగన్‌వాడీలో అడగండి.

• అంగన్‌వాడీ: 3 నుంచి 6 ఏళ్ల పిల్లలకు ఉచిత పూర్వ ప్రాథమిక విద్య, వేడి భోజనం. మూసే వేళ మీ డ్యూటీ సమయానికి సరిపోతుందో చూసుకోండి.

• ఆదాయపు పన్ను: పాత విధానంలో ఉన్నవారికి ఇద్దరు పిల్లల ట్యూషన్ ఫీజుపై, 80సీగా అందరికీ తెలిసిన రూ.1.5 లక్షల పరిమితిలోపు మినహాయింపు ఉంది. ప్లేస్కూల్, నర్సరీ ట్యూషన్ ఫీజుకూ ఇది వర్తిస్తుంది. పరిమితిలో ఇంకా చోటుండి, 20 శాతం శ్లాబులో ఉంటే, రూ.40,000 ఫీజుపై సెస్‌తో కలిపి రూ.8,320 ఆదా. డెవలప్‌మెంట్ ఫీజు, విరాళం, బస్సు ఛార్జీలు లెక్కలోకి రావు.

ఈ నెలలో మూడు పనులు

1. మీ హెచ్‌ఆర్ విభాగాన్ని క్రెష్ గురించి మెయిల్‌లో అడగండి. జవాబు రాతపూర్వకంగా ఉంటుంది.
2. దగ్గరి అంగన్‌వాడీని స్వయంగా చూసి రండి.
3. ఫీజు రసీదులో ట్యూషన్ ఫీజు విడిగా ఉందో లేదో చూడండి. లేకపోతే స్కూల్ ఆఫీసులో అడిగి తీసుకోండి.

ఆ తర్వాత ఇద్దరూ కూర్చుని నిర్ణయించుకోండి. మానేయాలన్నా, కొనసాగాలన్నా అది లెక్క తెలిసి తీసుకున్న నిర్ణయం అవుతుంది.