వలస కూలీల పిల్లలు – బడి బాట

పంటకోతలు ముగియగానే ఒడిశాలోని బలంగీర్, నువాపడా జిల్లాల కూలీ కుటుంబాలు తెలంగాణ ఇటుక బట్టీలకు తరలివస్తాయి. ముందే తీసుకున్న అడ్వాన్సు తీరేదాకా, అంటే వానలు పడేదాకా అక్కడే ఉంటాయి. ఎండకు ఆరేందుకు పచ్చి ఇటుకలను తిరగేసే పని చిన్న పిల్లల చేతులదే. సొంతూరి బడి రిజిస్టరులో పేరు ఉంటుంది, పిల్లాడు ఉండడు. బట్టీ దగ్గరి బడిలో చేరినా బోధించే భాష వేరు. అసలు చిక్కు ఇదే.

పిల్లలను పని మాన్పించి బడిలో చేర్చడంలో తెలుగు నేల దేశానికి దారి చూపింది. చరిత్రకారుడు మామిడిపూడి వెంకటరంగయ్య పేరిట 1981లో ఏర్పడిన ఎం.వి. ఫౌండేషన్, 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో బాలకార్మికులను పని మాన్పించి బడిలో చేర్చే కృషి చేపట్టింది. బడికి దూరమైన పిల్లలను వసతి శిబిరాల్లో కొన్ని నెలలు చదివించి, వయసుకు తగిన తరగతిలో చేర్చడం దీని పద్ధతి. బడికి వెళ్లని పిల్లలందరూ బాలకార్మికులే అన్నది దీని మూలసూత్రం. గ్రామస్థులను, ఉపాధ్యాయులను, యువకులను కలుపుకోవడమే దీని అసలు బలం. ఈ కృషికి సారథి శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసే అవార్డు దక్కింది. 2007లో ఆమె జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ తొలి అధ్యక్షురాలయ్యారు.

వలస కూలీలు పనిచేసే మరో చోటైన భవన నిర్మాణ స్థలాల్లో శిశు సంరక్షణకు మీరా మహదేవన్ 1969లో ఢిల్లీలో మొబైల్ క్రెషెస్ ప్రారంభించారు. 50 మందికి మించి మహిళా కార్మికులుంటే ఆరేళ్లలోపు పిల్లలకు శిశు సంరక్షణ గదులను 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం తప్పనిసరి చేసింది. ఇక బడి మారే వలస పిల్లల విషయానికొస్తే, విద్యాహక్కు చట్టం (2009) 5వ సెక్షన్ ప్రకారం బదిలీ సర్టిఫికెట్ ఆలస్యమైందని ప్రవేశం నిరాకరించరాదు.