నేపర్‌విల్ పరిసరాల సైకిల్ బాటలు, సరస్సులు

అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో, షికాగోకు పశ్చిమాన ఉన్న నగరం నేపర్‌విల్. 1831లో జోసెఫ్ నేపర్ ఇక్కడ జనావాసం నెలకొల్పాడు. డుపేజ్ నది పశ్చిమ శాఖ నగరం గుండా ప్రవహిస్తుంది.

ఇల్లినాయ్ ప్రెయిరీ పాత్: ఈ ప్రాంతపు ప్రధాన సైకిల్ బాట, పొడవు సుమారు 100 కి.మీ. షికాగో, అరోరా అండ్ ఎల్జిన్ విద్యుత్ రైలు మార్గంలో 1957లో ప్రయాణికుల రాకపోకలు ఆగాయి. ఆ మార్గాన్ని బాటగా మార్చాలని కోరుతూ ప్రకృతి అధ్యయనకారిణి మే థీల్‌గార్డ్ వాట్స్ 1963లో షికాగో ట్రిబ్యూన్‌కు లేఖ రాశారు. వాడుక తప్పిన రైలు మార్గాలను బాటలుగా మార్చిన తొలి ప్రయత్నాలలో ఇదొకటి. వీటన్ వద్ద ఇది అరోరా, ఎల్జిన్ శాఖలుగా చీలుతుంది. చాలాచోట్ల ఉపరితలం సున్నపురాయి పొడి.

సరస్సులు: బ్లాక్‌వెల్ అటవీ సంరక్షణ ప్రాంతంలోని సిల్వర్ లేక్, నగరానికి దక్షిణాన ఉన్న వేలన్ లేక్ పూర్వపు తవ్వకాల గుంతల్లో ఏర్పడినవే.